శకునములు చూచిన రాజు: ఎసర్హద్దోను

రాజుల రెండవ గ్రంథము 19వ అధ్యాయపు చివరి వచనములో ఒక పేరు కలదు. సన్హెరీబు యెరూషలేమును ముట్టడించిన కథను మనమందరము ఆసక్తితో చదువుదుము. దేవుని దూత దండును హతము చేసిన తరువాత కథ అయిపోయినదనుకొందుము. సన్హెరీబును సొంత కుమారులే చంపిరనియు, ఎసర్హద్దోను అను మరియొక కుమారుడు రాజాయెననియు అక్కడ వ్రాయబడిన సంగతిని చప్పున దాటిపోవుదుము. యెషయా 37:38లోను ఆ పేరు ఉన్నది. ఎజ్రా 4:2లో మరల ఒకసారి వచ్చును. బైబిలులో ఇతనిని గూర్చి ఉన్నది ఇంతమాత్రమే.

కాని భూమిలోనుండి త్రవ్వితీసిన పలకలలో ఇతనిని గూర్చి ఉన్నది కొల్లలు. నీనెవె దిబ్బలను 1842వ సంవత్సరము మొదలుకొని అనేకులు త్రవ్విరి. అక్కడి రాజుల నగరులలో దొరకిన మంటి పలకలును పలకల ముక్కలును దాదాపు 30,000 నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. తడిమట్టిమీద రెల్లుపుల్లతో మేకులవంటి గుర్తులు వేసి, ఎండబెట్టిన పలకలవి. వాటిలో రాజుకు అతని పండితులు వ్రాసిన జాబులు వందలకొలది కలవు. జ్యోతిష్కులు, భూతవైద్యులు, వైద్యులు, కార్జము చూచి శకునము చెప్పువారు వ్రాసినవి. పూర్వపు రాజులలో ఇంత దగ్గరగా మనకు కనబడువాడు అరుదు. యుద్ధశిలలమీద చెక్కబడిన ఎసర్హద్దోను సింహమువలె నుండును. ఈ జాబులలోని ఎసర్హద్దోను రాత్రి నిద్రపట్టని మనుష్యుడు.

ఇతని భయమునకు కారణము ఇతని ఇంటిలోనే ఉన్నది. తాతయైన సర్గోను (యెషయా 20:1లో ఈ పేరు చూడవచ్చును) క్రీ.పూ. 705లో యుద్ధములో కూలెను. శవము దొరకలేదు, సమాధి కాలేదు. అష్షూరువారి నమ్మకము ప్రకారము, పాతిపెట్టబడని వాని ఆత్మకు నెమ్మది ఉండదు. ఆకలిగొని తిరుగుచు బ్రదికియున్నవారిని పీడించును. సర్గోను ఏ పాపము చేసినందున ఇట్లు జరిగెనో తెలిసికొనవలెనని సన్హెరీబు శకునగాండ్రచేత విచారణ చేయించెనని చెప్పు పలక యొకటి దొరకినది. అది ఎసర్హద్దోను కాలములో వ్రాయబడినదని పండితుల తలంపు. తాత దిక్కులేని చావును గూర్చిన ప్రశ్న మనుమని కాలమువరకును ఆ ఇంటిని విడువలేదన్నమాట.

తండ్రి సంగతి ఇంకను ఘోరము. సన్హెరీబు జ్యేష్ఠకుమారుని బబులోనులో రాజుగా ఉంచగా, క్రీ.పూ. 694లో అతడు ఏలామీయులకు అప్పగింపబడెను. ఆ కోపముతో సన్హెరీబు క్రీ.పూ. 689లో బబులోనును నేలమట్టము చేసి, గుడులను పాడుచేసి, కాలువల నీటిని పట్టణముమీదికి మళ్లించెను. ఆ తరువాత కొంతకాలమునకు, పెద్దవారైన కుమారులుండగా, నకియా అను భార్యకు పుట్టిన చిన్నవాడైన ఎసర్హద్దోనును యువరాజుగా నియమించెను. అన్నలు ఓర్చుకొందురా? యోసేపు సహోదరుల కథ ఎరిగిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

అద్రమ్మెలెకు అని బైబిలు చెప్పువాని పేరు అష్షూరు పలకలలో అర్ద-ముల్లిస్సు. ఇతడు కుట్ర పన్నుచున్నాడని ఒక బబులోనువానికి తెలిసి, రాజుతో చెప్పవలెనని మొరపెట్టుకొనెను. సంగతి దేనిని గూర్చియని కొలువువారు అడుగగా అర్ద-ముల్లిస్సును గూర్చియని చెప్పెను. వారు అతని ముఖముమీద వస్త్రము కప్పి, లోపలికి తీసికొనిపోయి, చెప్పుమనిరి. తాను రాజు ఎదుట ఉన్నాననుకొని ఆ మనుష్యుడు, నీ కుమారుడు నిన్ను చంపబోవుచున్నాడని చెప్పివేసెను. ముసుగు తీయగా ఎదుట ఉన్నది రాజు కాడు, అర్ద-ముల్లిస్సే. ఆ మనుష్యుడు అక్కడితో సరి. ఈ వృత్తాంతము ఒక పాత జాబులో ఉన్నది. క్రీ.పూ. 681వ సంవత్సరాంతమున సన్హెరీబు చంపబడెను. యెరూషలేము ముట్టడి జరిగినది 701లో గనుక, బైబిలులో ప్రక్కప్రక్కనే ఉన్న రెండు వచనముల మధ్య 20 సంవత్సరములు గడచినవని చదువరులు గమనింతురు గాక.

ఎసర్హద్దోను అప్పటికే ప్రాణభయముచేత పడమటి దేశమునకు పోయియుండెను. వార్త వినగానే, చలికాలమని చూడక, దండునకు కావలసిన సామగ్రి కూర్చుకొనక బయలుదేరెను. ఎదిరించిన సేనలు అతని పక్షము చేరెను. అన్నలు అరారాతునకు పారిపోయిరి. రెండు నెలలలోపే అతడు నీనెవె ప్రవేశించెను. ఆ దినములలో అర్బేలా పట్టణపు ఇష్టారు దేవత పేరట పలికిన స్త్రీలు కొందరు, భయపడవద్దని అతనికి ధైర్యము చెప్పిరి. ఆ పలుకులను వ్రాయించి భద్రము చేయించెను. భయపడవద్దని యెషయా నోట దేవుడు తన ప్రజలతో చెప్పిన మాటను ప్రేమించు మనకు ఇది వింతగా తోచును. మాట ఒకటే, కాని ఆ మాట వినిన తరువాత ఎసర్హద్దోనుకు భయము పోలేదు. ఆయన మిగిలిన 12 సంవత్సరముల బ్రదుకు దానికి సాక్ష్యము.

రాజు కాగానే చేసిన మొదటి గొప్ప పని బబులోనును మరల కట్టుట. తండ్రి చేసిన పనికి దేవతలు కోపించియున్నారని అతని మనస్సులో ఉన్నది; తండ్రి పేరు ఎత్తకుండ, బబులోనువారి పాపమువలననే మెరోదకు కోపించి పట్టణము పాడు చేసెనని వ్రాయించెను. ఇక్కడ ఒక చిక్కు వచ్చెను. ఆ పట్టణము 70 సంవత్సరములు పాడుగా ఉండవలెనని మెరోదకు విధించెనట. 70 ఏండ్లు ఎవరు కాచుకొందురు? అష్షూరు లెక్కలో నిలువు మేకు గుర్తు 60కిని 1కిని ఒక్కటే. మూలగా వేసిన గుర్తు 10కి. నిలువు గుర్తు ముందు, మూల గుర్తు వెనుక వేసిన 70. రెంటిని తారుమారు చేసిన 10యును 1యును, అనగా 11. మెరోదకు కనికరపడి విధిపలకను తలక్రిందులు చేసెననియు, గడువు 11 సంవత్సరములే ఆయెననియు రాజు శాసనములలో ఉన్నది. 689లో 11 తీసివేసిన 678. పని అప్పటికి మొదలైయుండెను.

దీనిని చూచి నవ్వుట సులభము. అయినను ఈ లెక్క వేసిన పండితులు మోసగాండ్రని మేము అనుకొనము. దేవుని మాటను కాదనకుండ, అందులోనే కనికరమునకు సందు వెదకిన వారుగా కనబడుదురు. యిర్మీయా చెప్పిన 70 సంవత్సరములను గూర్చి దానియేలు ఉపవాసముండి ప్రార్థన చేసెనని దానియేలు 9వ అధ్యాయములో చదువుదుము. అతడు అంకెను త్రిప్పలేదు. దేవుని యెదుట తన జనుల పాపమును ఒప్పుకొనెను. తేడా అక్కడ ఉన్నది.

పాడైన విగ్రహములను మరల చేయించునప్పుడు రాజుకు ఇంకొక సందేహము పుట్టెను. మనుష్యుడు దేవతలను చేయవచ్చునా? చెవిటివాడును గ్రుడ్డివాడును, తన్ను తానే ఎరుగనివాడునైన నరునికి ఆ పని ఎట్లు తగునని ఆయన శాసనములలోనే ఉన్నది. ఏ పనివారిచేత, ఏ పట్టణములో చేయించవలెనో కార్జము చూపించి నిర్ణయించుకొనెను. విగ్రహము పూర్తియైన తరువాత దాని నోరు కడుగు కర్మ యొకటి జరుగును. నదియొద్ద తోటలో రెండు దినములు మంత్రములు చదువుదురు. చివర పనివారి చేతులను గుడ్డతో కట్టి, కఱ్ఱకత్తితో నరికినట్లు అభినయింతురు. దీనిని చేసినవాడను నేను కాను, ఫలానా దేవత చేసెనని పనివారు ప్రమాణము చేయవలెను. యెషయా 44వ అధ్యాయములో ఒకే మ్రానులో సగము కాల్చి రొట్టె చేసికొని, మిగిలిన సగము దేవుడని మ్రొక్కువాని కథ మనకు తెలియును. ప్రవక్త పరిహాసము ఎక్కడ తగిలినదో ఈ కర్మవలన తెలియుచున్నది. అష్షూరువారు అజ్ఞానులు కారు. తాము చేసినదానికే తాము మ్రొక్కుచున్నామని వారికి తెలియును. ఆ తెలివిని కప్పిపుచ్చుటకే కఱ్ఱకత్తి పెట్టుకొనిరి.

ఇక రాజు ప్రశ్నలు. సూర్యదేవతయైన షమషునకు ఆయన వేసిన ప్రశ్నలున్న పలకలు అనేకములు మిగిలినవి. ప్రశ్న వ్రాసి దేవత యెదుట పెట్టుదురు. గొఱ్ఱెను వధించి దాని కార్జమును, చేదుకట్టెను, పేగులను శకునగాడు శోధించును. కార్జముమీది ప్రతి గీటునకు ఒక పేరు, ప్రతి మచ్చకు ఒక అర్థము. కుడిప్రక్క మచ్చ మనకు, ఎడమప్రక్క మచ్చ శత్రువునకు. మంచివియు చెడ్డవియు లెక్కించి అవునో కాదో చెప్పుదురు. సందేహముండిన ఇంకొక గొఱ్ఱె. యెహెజ్కేలు 21:21లో బబులోను రాజు రెండు బాటలు చీలుచోట నిలిచి కార్జము చూచుచున్నాడని ఉన్నది గదా. ఆ పద్ధతియే ఇది.

ఏమి అడిగెనో వినుడి. ఈ దేశముమీదికి దండు పోవచ్చునా? ఈ మనుష్యుని ఈ పనిలో ఉంచినయెడల నామీద తిరుగబడునా? సిథియనుల రాజు నా కుమార్తెను అడుగుచున్నాడు, ఇచ్చినయెడల మాట నిలుపుకొనునా? యువరాజు ఈ మందు త్రాగినయెడల బ్రదుకునా? తండ్రి హృదయము ఈ చివరి ప్రశ్నలో కనబడుచున్నది. ప్రశ్న తరువాత ప్రతి పలకలోను ఒక క్షమాపణల వరుస ఉండును. అపవిత్రుడెవడైన ఈ చోటు ముట్టియున్నయెడల లెక్కపెట్టకుము. గొఱ్ఱెలో లోపమున్నయెడల లెక్కపెట్టకుము. శకునగాని నోట మాట తడబడినయెడల లెక్కపెట్టకుము, అను అర్థముగలవి. తమ దేవత ఏ చిన్న తప్పునకు నోరు మూసికొనునో తెలియనివారు ఇట్లు ప్రార్థించిరి.

రాజుచుట్టు ఉన్న పండితులను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. దానియేలు గ్రంథములో గారడీవిద్యగలవారు అని మనము చదువు మాటకు మూలమైన హెబ్రీ పదము ఈ భూతవైద్యుల బిరుదునుండియే వచ్చినది. కాని వీరు సంతలో గారడీ చేయువారు కారు. తండ్రులనుండి కుమారులు నేర్చిన విద్య. ఆకాశపు గురుతులు మాత్రమే దాదాపు 70 పలకలు గల ఒక గొప్ప గ్రంథముగా కూర్చబడియుండెను. ప్రతి కీడు గురుతునకు విరుగుడు కర్మ కూడ వ్రాసియుండెను. ఒకసారి రాజు రథము క్రిందినుండి ముంగిస పోయెను. మనుష్యుని కాళ్లసందున ఏదైన దూరిపోయినయెడల ఫలానా కీడు అని గ్రంథములో ఉన్నది. రథము క్రింద పోయిన జంతువునకు కూడ అది చెల్లునా అని రాజు అడిగించెను. చెల్లునని పండితుడు జవాబు వ్రాసెను. మరియొకప్పుడు భూకంపము కలిగెను. బలాసీ అను వృద్ధ పండితుడు చేయవలసిన కర్మ చెప్పుచునే, నీ తండ్రుల కాలములో భూమి అదరలేదా, నా చిన్నతనములో నేను చూడలేదా అని నెమ్మదిగా రాజుకు గుర్తుచేసెను. ఇంకొకసారి రాజు మూడు దినములు అన్నము ముట్టకుండెను. బలాసీయు అతని తోటివాడును, ఇక చాలును, భోజనము చేయుమని వ్రాసిరి. రాజు బిచ్చగానివలె ఉండవలెనా యని బాధపడిరి. ఈ జాబు చదివినప్పుడు మాకు ఆ పండితులమీద గౌరవము కలిగినది. తమ విద్యవలననే పెరిగిన భయమును చూచి, వారే జాలిపడిరి.

రాజు శరీరమును రోగములకు నిలయమైయుండెను. జ్వరము, నీరసము, చెవిపోటు, ఒంటిమీద పొక్కులు, ఆకలి లేకుండుట. ఇవన్నియు జాబులలో కలవు. అష్షూరు రాజు దేవతలకు ప్రియుడు గనుక రోగి కారాదు. రోగియైనయెడల దేవతలు విడిచిరన్నమాట. కాబట్టి రోగమును దాచవలెను. ప్రధాన వైద్యుడైన ఉరదు-ననాయాను, నా రోగమేమో కనిపెట్టి ఎందుకు కుదుర్చవని రాజు మాటిమాటికి అడుగుచుండెను. వైద్యుడు తెలియదని ఒప్పుకొని పూతలును మందులును పంపుచుండెను. భూతవైద్యుడు ఒకవైపు మంత్రించును, వైద్యుడు ఒకవైపు మందిచ్చును. ఇది చాలక క్రీ.పూ. 672లో రాజు భార్యయైన ఎషర్రా-హమ్మతు చనిపోయెను.

ఆ కాలమున యూదాలో రాజు మనష్షే. నీనెవెలో నగరు కట్టుటకు మ్రానులును రాళ్లును పంపిన 22 మంది రాజుల పట్టిక ఎసర్హద్దోను వ్రాయించెను. అందులో యూదా రాజు మనష్షే పేరు ఉన్నది. దినవృత్తాంతముల రెండవ గ్రంథము 33:6లో మనష్షే శకునములు చూచెననియు, మంత్రజ్ఞులతో సాంగత్యము చేసెననియు చదువుదుము. నీనెవెకు కప్పము కట్టిన కొలువులో నీనెవె అలవాట్లు చేరుట ఆశ్చర్యము కాదు. హిజ్కియా కుమారుని ఇంటిలోనే ఇది జరిగెను. ఆలయములో పెరిగిన పిల్లలు శకునములు చూడరని ధైర్యముగా ఉండు తలిదండ్రులు ఈ సంగతి ఆలోచింపవలెను.

భార్య మరణించిన ఆ సంవత్సరమే రాజు మరియొక గొప్ప ఏర్పాటు చేసెను. తన తరువాత అష్షూర్బనిపాలు అష్షూరులోను, అతని అన్నయైన షమషు-షుము-ఉకీను బబులోనులోను ఏలవలెనని దేశములన్నిటిచేత ప్రమాణము చేయించెను. అన్నదమ్ములు తండ్రిని చంపిన ఇంటిలో పెరిగినవాడు గదా. ఆ ప్రమాణపు పలకలు 1955లో కాలహులో ముక్కలుగా దొరకినవి. 2009లో తుర్కీ దేశమందలి తెల్ తయినాతు అను దిబ్బలో, ఒక గుడిలోపల ఇంకొక ప్రతి దొరకినది. 600 పంక్తులకు మించిన ఆ పలకలో శాపములు వరుసగా ఉన్నవి. లోహమువలె వానయియ్యని ఆకాశమును, పంటయియ్యని నేలను గూర్చిన శాపము ద్వితీయోపదేశకాండము 28:23ను చప్పున జ్ఞాపకము చేయును. ఇన్ని శాపములతో కట్టిన ప్రమాణమును క్రీ.పూ. 652లో ఆ అన్నయే తెంచి తమ్మునిమీద యుద్ధము చేసెను.

క్రీ.పూ. 671లో రాజు ఐగుప్తును జయించెను. అంతకుముందు ఒకసారి ఓడిపోయియుండెను. ఈసారి నోపు పట్టణము పట్టుబడెను. కూషు రాజైన తిర్హాకా (2 రాజులు 19:9) దక్షిణమునకు పారిపోయెను. ఈ జయమును చాటుటకు నిలిపిన రాతిస్తంభమొకటి నేడు బెర్లినులో ఉన్నది. అందులో రాజు మహాకాయుడుగా నిలిచి, పెదవులలో త్రాళ్లు గ్రుచ్చిన ఇద్దరు బందీలను పట్టుకొనియున్నాడు. ఐగుప్తునుండి బంగారముతోపాటు వైద్యులను, పాములవారిని, శకునగాండ్రను కూడ నీనెవెకు తెచ్చెను. ఆ ఐగుప్తు శకునగాండ్రకు పలకలలో ఉన్న పేరు హర్తిబీ. నిర్గమకాండములో మోషేను ఎదిరించిన శకునగాండ్రకు హెబ్రీలో ఉన్న పేరును ఇదే. ఇంటనున్న వారి విద్య చాలదని తోచెనేమో.

ఆ జయ సంవత్సరపు చివరనే చంద్రగ్రహణము వచ్చెను. చంద్రబింబమును వారు నాలుగు భాగములుగా పంచి, ఏ భాగము చీకటియైన ఆ దేశపు రాజుకు చావు అని చెప్పుదురు. గురుగ్రహము అప్పుడు కనబడినయెడల ఆ రాజు తప్పించుకొనును. లేనియెడల ఒకటే ఉపాయము. లెక్కలోనికి రాని మనుష్యుని నొకనిని తెచ్చి, రాజవస్త్రములు తొడిగి, కిరీటము పెట్టి, సింహాసనముమీద కూర్చుండబెట్టుదురు. ఒక కన్యకను రాణిగా ప్రక్కన నుంచుదురు. కీడు గురుతులన్నియు అతనికి చదివి వినిపించి అతనిమీద వేయుదురు. నిజమైన రాజు ఆ దినములలో మరుగుగా ఉండును. అతనికి వ్రాయు జాబులలో రాజు అని కాక సేద్యగాడు అని సంబోధింతురు. ఇది 100 దినములవరకు సాగవచ్చును. అటుతరువాత ఆ బదులు రాజును, అతని రాణిని చంపుదురు. విధికి పోయెను అని వ్రాయుదురు.

ఈసారి బదులు రాజైనవాడు దంకీ. అతడు పేదవాడు కాడు, అక్కదు పట్టణపు దేవాలయపు అధికారి కుమారుడు. మార్-ఇస్సారు అను రాజసేవకుడు వ్రాసిన జాబు దొరకినది. దంకీయు అతని రాణియు, రాజునకును రాజు కుమారునికిని బదులుగా మరణించిరి. వారికి సమాధి కట్టించి, అలంకరించి, రాజమర్యాదతో పాతిపెట్టి, వారికొరకు ఏడ్చితిమి. అక్కదు ప్రజలు భయపడిరి, మేము ధైర్యము చెప్పగా నెమ్మదించిరి. ఇది ఆ జాబు సారాంశము. ఆ కన్యక పేరు ఎవరును వ్రాయలేదు.

మన సంఘములలో గ్రహణము దినమున తలుపులు మూసికొనువారు ఇంకను ఉన్నారు గనుక, ఎసర్హద్దోనును వెక్కిరించుటకు మనకు హక్కు లేదు. ఒక విషయములో ఆయన మనకంటె స్పష్టముగా చూచెను. తనమీద ఒక తీర్పు ఉన్నది. అది ఊరకనే పోదు. ఎవరైన దానిని భరింపవలెను. ఈ మాత్రము తెలిసినవానికి సువార్త చెప్పుట తేలిక. తనమీద ఏ తీర్పును లేదనుకొనువానికి చెప్పుటే కష్టము. కాని నీనెవెలో రాజు బ్రదుకుటకు దాసుడు చావవలెను. దంకీని ఎవరును అడుగలేదు. పిలాతు కొలువులో ఊదారంగు వస్త్రము, ముళ్లకిరీటము పెట్టబడినవాడు నిజముగా రాజే. ఆయన దాసులకొరకు తనకు తానే చచ్చెను. మరియొక సంగతి. దంకీ చచ్చిన తరువాత గ్రహణములు ఆగలేదు. ఎసర్హద్దోను ఏలుబడిలోనే ఈ కర్మ అనేక పర్యాయములు జరిగెను, ప్రతిసారియు ఒక క్రొత్త మనుష్యుడు కావలెను. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయము ఒక్కసారియే అని ఎందుకు అంతగా నొక్కి చెప్పుచున్నదో, ఈ పలకలు చదివినవారికి బోధపడును.

దంకీ మరణము రాజును కాపాడెనా? ఆ దినములలోనే హారాను ప్రక్కన ఒక దాసికి పూనకము వచ్చి, సన్హెరీబు సంతానము నశించుననియు, రాజ్యము సాసీ అనువానిదనియు ఒక దేవత పేరట పలికెను. పూర్వము ఇట్టి స్త్రీల నోటి మాటలవలననే ధైర్యము తెచ్చుకొనినవాడు ఇప్పుడు అట్టి మాటకే వణకెను. వేగులవారి జాబులు గుట్టలుగా వచ్చెను. క్రీ.పూ. 670లో రాజు తన అధికారులలో అనేకులను ఖడ్గముచేత చంపించెనని బబులోను వృత్తాంత పలకలో ఒక్క పంక్తి ఉన్నది. ఎవరెవరో, నిజముగా దోషులో కాదో, ఆ పంక్తి చెప్పదు.

మరుసటి సంవత్సరము ఐగుప్తు మరల తిరుగబడెను. రాజు రోగిగానే దండుతో బయలుదేరి, క్రీ.పూ. 669లో, ఎనిమిదవ నెల 10వ దినమున త్రోవలో చనిపోయెను. ఆ చావును ఏ కార్జమును ముందుగా చూపలేదు. వృద్ధురాలైన తల్లి నకియా కుమారునికంటె ఎక్కువకాలము బ్రదికి, మనుమడు అష్షూర్బనిపాలునకు లోబడియుండవలెనని జనులచేత మరల ప్రమాణము చేయించెను. మెరోదకు విగ్రహము మరుసటి యేట, 668లో, బబులోను చేరెను. దానిని పంపవలెనని అంతగా ప్రయాసపడినవాడు ఆ ఊరేగింపు చూడలేదు.

ఎజ్రా 4:2కు వత్తము. నూటముప్పది సంవత్సరములు గడచినవి. నీనెవె కాలిపోయినది, బబులోను రాజ్యమును పడిపోయినది. చెరనుండి వచ్చినవారు యెరూషలేములో ఆలయము కట్టుచుండగా, సమరయ ప్రాంతపువారు జెరుబ్బాబెలునొద్దకు వచ్చిరి. ఎసర్హద్దోను మమ్మును ఈ దేశమునకు రప్పించిన దినము మొదలుకొని మేమును మీ దేవునికే బలులు అర్పించుచున్నాము, మీతోకూడ కట్టనియ్యుడని అడిగిరి. షమషునకు గొఱ్ఱెలను కోయించి రేపటిని గూర్చి అడిగిన రాజు తన చేతులతో చేసిన ఈ ఒక్క పని మాత్రము ఎటు పోవుచున్నదో ఎరుగడు; యెహోవా నామము ఎరుగని జనులను యెహోవా దేశములో తెచ్చి దింపెను. జెరుబ్బాబెలు వారిని చేర్చుకొనలేదు.